మా చిన్నాయన బొటనవేలు

నా చిన్నప్పుడు మా ఇంటికి గడియారం అక్కర్లేదు. మా తాత బెల్టు సాన మోత మొదలైతే తెల్లవారినట్టు, ఆగితే అన్నాల వేళ అయినట్టు. తాడిపత్రికి పోయే దారి పక్కన, బండలు మోసే లారీల దుమ్ములో మా కొట్టం ఉండేది. రెండు చక్రాలు, వాటి మీద ఉప్పుకాగితం లాంటి గరుకు గుడ్డ బెల్టు, దాన్ని తిప్పడానికి బండల పాలిష్ షెడ్డువాళ్ళు పాతబడిందని అమ్మేసిన మోటారు. అదే మా ఆస్తి. మటన్ అంగళ్ళ కత్తులు, చీనీకాయల తోటల కత్తులు అన్నీ మా తాత దగ్గరికే వచ్చేవి.

కత్తి నూరడమంటే చేతులు ఆడించడమనుకునేవాళ్ళను చూస్తే తాతకు ఒళ్ళు మండేది. మోచేతులు డొక్కలకు అతుక్కుని ఉండాలి, కదలాల్సింది నడుము. అంచు పైకి కనబడేలా పట్టుకుని, పిడి దగ్గర మొదలుపెట్టి మొనదాకా ఒకే ఊపులో లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గుంట పడుతుంది. ఈ పక్క ఒకసారి లాగితే ఆ పక్క ఒకసారి. ముందు గరుకు బెల్టు, తర్వాత నున్నటిది. ఇవన్నీ ఒక ఎత్తు, ఉత్త చేత్తో నూరాలనేది ఒక్కటే ఒక ఎత్తు. రాపిడికి ఇనుము వేడెక్కుతుంది. ఆ వేడిని కత్తికి ఆనించిన బొటనవేలు చెబుతుంది. వేలు చురుక్కుమనగానే పక్కనున్న తొట్టి నీళ్ళలో ముంచాలి. ఆలస్యమైతే అంచు పసుపు తిరిగి, ఆపైన నీలం ఎక్కుతుంది. నీలం ఎక్కిన కత్తి చచ్చినట్టే, ఎంత నూరినా పదును నిలవదు. వేలికి గుడ్డ చుట్టుకుని నూరేవాడిని తాత మనిషిగానే లెక్కపెట్టేవాడు కాదు.

మా చిన్నాయన, అంటే మా నాయన తమ్ముడు, ఈ పనిలో తాతను మించిపోయాడని అందరూ అనేవారు. తాత మాటిమాటికీ నీళ్ళలో ముంచుతుంటే చిన్నాయన అరుదుగా ముంచేవాడు. కొడుకు చెయ్యి కాయలు కాసి రాయిలా అయిందని, పనివాడి చెయ్యంటే అదని తాత వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. ఇంట్లో పొయ్యి మీద సంగటి కుండ దించాలన్నా మా అవ్వ ఆయన్నే పిలిచేది. ఉత్త చేతులతో దించేవాడు, పిల్లలమంతా చప్పట్లు కొట్టేవాళ్ళం. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన నూరిన కత్తులు పదును నిలవడం లేదని తిరిగి వచ్చిన రోజులూ ఉన్నాయి. ఇనుము మంచిది కాదని తాత కొట్టిపారేశాడు. కన్నప్రేమకు అంతకన్నా ఏం కనబడుతుంది?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను వాళ్ళిద్దరికీ సద్ది తీసుకుని కొట్టానికి వెళ్ళాను. జాతర దగ్గరపడిందని మటన్ అంగడాయన తన పెద్ద కత్తి తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. చిన్నాయన ఆయనతో నవ్వుతూ మాట్లాడుతూనే నూరుతున్నాడు. కత్తి అంచు పసుపుపచ్చగా మారింది. తర్వాత నెమలి మెడలా నీలం పాకింది. నేను నోరు తెరిచేలోపే వాసన వచ్చింది. అది ఇనుము వాసన కాదు. మేకతల కాల్చేటప్పుడు వస్తుందే, ఆ వాసన. చూస్తే చిన్నాయన బొటనవేలి కింద నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆయన మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

నేను అరిచిన అరుపుకు తాత పరుగున వచ్చి మోటారు ఆపాడు. ఆయన కన్ను మొదట కత్తి మీదే పడింది.

“నీలమెక్కింది కదరా! కత్తిని సంపేస్తివే!”

అప్పుడు వేలు చూశాడు. చర్మం తెల్లగా ఉడికి, పక్కకు జరిగింది. చిన్నాయన కూడా దాన్ని ఎవరిదో వేలు చూసినట్టు చూశాడు.

“ఏం కాలేదులే నాయనా. నొప్పే లేదు.”

ఆ మాట వినగానే తాత ముఖంలో రక్తం లేకుండా పోయింది. అరిచే మనిషి అరవడం మానేస్తే ఎంత భయంగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. తాత ఆ వేలు కనబడకుండా అడ్డం నిలబడి, మటన్ అంగడాయన చేతికి వేరే కత్తి ఇచ్చి పంపేశాడు. మూలన ఉన్న గొర్రెబొచ్చు కంబళి నుంచి చిన్న పోగు లాగాడు. చిన్నాయన కళ్ళకు తన తువ్వాలు కట్టి, చెయ్యి ముందుకు చాపమన్నాడు.

“తగిలినప్పుడల్లా యాడ తగిలిందో చెప్పు.”

కాలిన వేలు వదిలేసి పక్క వేలు మీద రాశాడు. అరచేతిలో రాశాడు. చిటికెన వేలు పక్కన, మణికట్టు మీద, మళ్ళీ అరచేతిలో. చిన్నాయన ఓపిగ్గా కూర్చుని ఉన్నాడు. చాలాసేపటికి విసుగ్గా అడిగాడు.

“ఇంగా మొదలుపెట్లేదా నాయనా?”

నా జీవితంలో చావులు చూశాను, కరువులు చూశాను. ఆ ఒక్క ప్రశ్నకు కొట్టుకున్నట్టు నా గుండె మళ్ళీ దేనికీ కొట్టుకోలేదు.

మర్నాడు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి చెప్పింది. అది కుష్టు, మా ఊళ్ళో పెద్దరోగమని గొంతు తగ్గించి చెప్పుకునే జబ్బు. మాత్రలు మింగితే నయమవుతుందని, మందు మొదలయ్యాక పక్కవాళ్ళకు అంటదని, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చని, ఆ చేతిని ఇక కళ్ళతో కాచుకోవాల్సిందేనని వివరంగా చెప్పింది. వివరం ఆసుపత్రిలోనే ఉండిపోయింది, భయం మాత్రం మాతో ఇంటికొచ్చింది. అవ్వ ఏడుస్తూనే ఆయన కంచం వేరుగా పెట్టింది. చిన్నాయన గొడ్లపాకలో కూర్చుని, యాడికన్నా పోతానన్నాడు. తన వేలు ఇక వేడి చెప్పదు. గుడ్డ చుట్టుకుని నూరితే ఎందుకని అడుగుతారు. సంగతి బయటపడితే మా సానకు ఒక్క కత్తి కూడా రాదు. ఆయన అన్నది అబద్ధమేమీ కాదు.

తాత పాకలోకి వెళ్ళి, ఆయన ముందున్న కంచంలోనే చెయ్యి పెట్టి సంగటి ముద్ద తీసుకుని తిన్నాడు. అవ్వ గుమ్మంలో నిలబడిపోయింది.

“ఏలు చెప్పకుంటే కన్ను చెప్తాది లేరా. రేపొద్దున కొట్టానికి రా.”

తెల్లవారి నేను కొట్టానికి వెళ్ళేసరికి తాత రెండు బొటనవేళ్ళకూ మందంగా గుడ్డ చుట్టి ఉంది. చిన్నాయన వేళ్ళకూ అంతే. కత్తిని నీళ్ళలో ముంచి, దాని మీద నీటిచుక్క నిలిచి ఉన్నంతసేపే నూరాలని, చుక్క చిన్నదై ఆరబోతుందనగానే మళ్ళీ ముంచాలని తాత నేర్పిస్తున్నాడు. తాను ముందు చేసి చూపిస్తున్నాడు. ఉత్త చేతి పనివాణ్ణని మీసం తిప్పిన మనిషి అట్లా చేస్తుంటే నేను నోరెళ్ళబెట్టి చూశాను.

ఇంతలో మటన్ అంగడాయన వచ్చాడు.

“ఏం పెద్దాయనా, పసిపిల్లోని మాదిరి ఏళ్ళకు పీలికలు సుట్టినావు?”

“ముసలోన్నైతి కదప్పా. వేడి తట్టుకోలేకుండా ఉండా. నాకొకనికే సిగ్గని వీనికీ సుట్టినా.”

ఆయన పగలబడి నవ్వాడు. తాతా నవ్వాడు. చిన్నాయన మాత్రం తల వంచుకుని, కత్తి మీద నీటిచుక్కనే చూస్తూ నూరాడు. ఆ రోజు తర్వాత మా తాత ముసలివాడైపోయాడని ఊరంతా చెప్పుకుంది. చిన్నాయన గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. మాత్రలతో ఆయన జబ్బు పోయింది, చెయ్యి నిలిచింది, పెళ్ళీ పిల్లలూ అన్నీ అయ్యాయి. తాత కూడా తాను పోయేదాకా గుడ్డ చుట్టుకునే నూరాడు. ఆయన వేళ్ళకు ఏ జబ్బూ లేదు.

మొన్నామధ్య మా పక్కింటి కోడలు, అట్ల పెనం చేతికి తగిలినా తెలియనే లేదని నవ్వుతూ బొబ్బ చూపించింది. దాని పక్కనే పాలిపోయిన మచ్చ. నాకు చిన్నాయన వేలు గుర్తొచ్చింది. ఆసుపత్రికి వెళ్దామంటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని రానంది. నేను ఆ పిల్లను బతిమాలుకున్నాను. నా చెయ్యి తిమ్మిరెక్కుతోందని, ఒక్కదాన్నే పోవాలంటే భయంగా ఉందని, నాకు తోడు రమ్మని. పాపం, ముసలిదాన్నని జాలిపడి వచ్చింది. డాక్టరు ముందు స్టూలు మీద నేనే మొదట కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ జబ్బూ లేని నా చెయ్యి చాపాను.