గేటు పట్టుకున్నదెవరు

గేటు మోటార్లు బాగుచేసే మేస్త్రీకి నోరెక్కువ, ఓపిక తక్కువ. స్క్రూడ్రైవరు చెవిమీద దోపుకుని, ఏ ఇంటికెళ్లినా తప్పంతా పెట్టెలో దూరిన చీమలమీదికే నెడతాడు.

"పాప ఆడుకుంటుంటే చాలు, గేటు మూసుకుంటూ మధ్యలో ఆగిపోతోందయ్యా," అంది ఇల్లాలు.

"మీ చీమలకి పాపంటే ముద్దేమోనమ్మా!" అంటూ పెట్టె విప్పాడు. లోపల చీమల్లేవు, తన చేతిపనే ఉంది. మనిషి అడ్డొస్తే గేటును ఆపే కన్ను పాడైతే, కిందటేడు తానే దాన్ని తప్పించి తీగముక్క అతికించాడు. రేపొచ్చి మారుస్తానని మరిచాడు. కన్నులేని గేటు ఎవరడ్డొచ్చినా ఆగదు.

"చూడు," అంటూ ఇల్లాలు రిమోట్ నొక్కింది. అంతలో బంతివెంట పాప అడ్డంగా పరుగెత్తింది. జానెడు దూరంలో గేటు ఆగి, ఎవరో రెండు చేతులా పట్టి లాగుతున్నట్టు వణికింది.

మేస్త్రీ చెమటలు కక్కుతూ కొత్త కన్ను బిగించి, ముమ్మారు తన కాలే అడ్డం పెట్టి చూసుకున్నాడు. తర్వాత ఎవరూలేని గేటుకు దణ్ణం పెట్టాడు.

"చేతులు నొప్పెట్టుంటాయి. ఇంక వదిలెయ్యమ్మా," అన్నాడు.