పరుగెత్తుకొచ్చేవారి సీటు

ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూద్దామని తడి వేలితో తాకితే చుయ్‌మంటుంది చూడండి, ఆ చప్పుడూ, దాని వెంటే ముక్కుకు తగిలే వేడి ఇనుము వాసనా చాలు నాకు. చీర మడత అక్కడే ఆగిపోతుంది. మనవరాలు "అవ్వా, కాలిపోతోంది!" అని అరిచేదాకా నేను రోజ్ హిల్ పాత స్టేషన్‌లోనే ఉంటాను, తెల్లటి ఆవిరిలో, సూరన్న మామ పక్కన.

సూరన్న మామ నాకు సొంత మేనమామ కారు. మా వీధి చివర ఉండేవారు, తెలుగువాళ్ళం కాబట్టి వరస కలిసింది, అంతే. రోజ్ హిల్ స్టేషన్‌లో టికెట్ల గుమాస్తా. ఇంకా ఇంగ్లీషువాళ్ళ పాలనే నడుస్తున్న ఆ రోజుల్లో మారిషస్‌లో ప్రయాణికుల రైళ్ళన్నీ ఆపేసి, ఆయన్ని సరుకుల వైపు వేశారు. చక్కెర బస్తాలు టికెట్టు అడగవు కదా, మనిషి సగమైపోయారు. తర్వాత ఎవరి కాళ్ళు పట్టుకున్నారో గాని, సరుకుల బండి నడవని ఆదివారాల్లో ఒక ఇంజనూ, దాని వెనక ఒక పాత రైలు పెట్టే అద్దెకు తీసుకునే అనుమతి సంపాదించారు. రైలంటే ప్రాణం పెట్టేవాళ్ళని పోగుచేసి, క్యూర్‌పీప్ ఎత్తు ఎక్కించి, మాయెబూర్ సముద్రం చూపించి, సాయంత్రానికి తిరిగి తీసుకొచ్చేవారు. ఒక మందుల షాపాయన, ఒక ఇంగ్లీషు బడి మాస్టరు, సెయింట్ పియర్ నుంచి ఒక చైనా దుకాణదారు. ఈ చైనా ఆయన దారి పొడుగునా కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ కూర్చునేవాడు. ఊరంతా దాన్ని 'పిచ్చోళ్ళ బండి' అని నవ్వేది. నేనూ నవ్వాను, నన్ను పిలిచేదాకా.

అప్పుడు నాకు ఇరవై దాటి ఏడాది. వకీలు ఆఫీసులో టైపు కొట్టేదాన్ని. ఒకరోజు మామ తన బండి పనుల్లో సాయానికి మనిషి కావాలని మా గుమ్మంలో నిలబడి పరీక్ష పెట్టారు.

"పార్వతీ, ఫ్రెంచిలో ఉత్తరం రాయగలవా?"

"రాస్తాను మామా."

"ఇంగ్లీషులో?"

"అదీ రాస్తాను."

"తెలుగులో?"

తల అడ్డంగా ఊపాను. ఇంట్లో మేం మాట్లాడేది క్రియోల్. నాకొచ్చిన తెలుగు భజన పాటలు, అమ్మ తిట్లు, అంతే.

"కోరెక్, పర్లేదు, అది నేను నేర్పిస్తాలే. అలే, రా, కూర్చో," అన్నారు మామ. ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య, ఉత్తరాల వెనకవైపు ఖాళీలో, ఆయన దిద్దించిన అక్షరాలే ఇవి. మీరు చదువుతున్నది ఆయన చేతిరాతే అనుకోండి.

ఫొటోలు తీసుకునేవాళ్ళ కోసం దారిలో ఒకచోట అందరినీ దింపి, బండిని వెనక్కి పంపి, మళ్ళీ పొగ చిమ్ముకుంటూ ముందుకు రప్పించేవాళ్ళం. మొదటిసారి ఆ పని నాకప్పగిస్తే, చెరకు తోట పక్కన నీడ బాగుందని అందరినీ అటు దింపాను. ఇంజను వచ్చేసరికి సూర్యుడు దాని వెనకున్నాడు. ఫొటోలన్నీ నల్లటి ముద్దలే! మామ కోప్పడలేదు. "వచ్చే నెల, ప్రయాణానికి ముందురోజు, ఇదే వేళకి ఇక్కడికొచ్చి నిలబడి చూసుకో," అన్నారు. నిజంగానే బస్సెక్కి వెళ్ళి నిలబడ్డాను. చెరకు కొట్టే ఆడవాళ్ళు నన్ను చూసి ఎంత నవ్వారో!

అన్నిటికంటే వింత ఆయన పెట్టుకున్న సీట్ల పద్ధతి. సీట్లెన్నో మనుషులు అంతమందే, ఒక్కరు నిలబడినా అనుమతి రద్దని పైవాళ్ళు ముందే చెప్పారు. అయినా మామ ప్రతిసారీ ఒక సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు.

"ఒకటి మిగిలిపోయింది మామా," అన్నాను, మొదటి జాబితా టైపు చేసి.

"మిగల్లేదు. అది పరుగెత్తుకొచ్చేవాళ్ళది."

"ఎవరూ రాకపోతే?"

"ఖాళీగానే వెళ్తుంది. బండి కదిలేటప్పుడు ప్లాట్‌ఫాం మీద ఒక్క మనిషి మిగిలిపోయినా నాకు అన్నం సయించదు, అమ్మాయ్."

నా సీటూ ఆయన సీటూ జాబితాలోకి ఎక్కేవి కావు. ఇంటివాళ్ళ పేర్లు రాయకూడదట, రాస్తే అతిథులమైపోతామట.

ఆయన భార్య లచ్చమ్మ అత్త. తెల్లవారకుండా లేచి, బండెడు మందికీ దాల్ పూరీలు కాల్చి, టమాటా రుగాయ్ కూర వండి, బుట్ట నెత్తిన పెట్టుకుని స్టేషన్‌కి తెచ్చేది. బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూసేది. "నువ్వెప్పుడూ ఎక్కవేం అత్తా?" అంటే, "నేనెక్కితే మీకు పూరీలెవరు చేస్తారే?" అని నవ్వేది. ప్లాట్‌ఫాం మీద ఒక మనిషి ప్రతిసారీ మిగిలిపోతూనే ఉందని మామకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

కొన్నాళ్ళకు ఆ సరుకుల బండ్లు కూడా ఆపేసి పట్టాలు పీకేస్తారని ఖాయమైంది. మాకు ఆఖరి ఆదివారం ఒకటి ఇచ్చారు. మామ ఇంజను దగ్గర డ్రైవరుతో ఉన్నారు. జాబితాలో అందరూ ఎక్కారు, ఎప్పటిలాగే ఒక సీటు ఖాళీ. అప్పుడే మెడలో కెమెరాతో ఒక ఓడ మనిషి రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. మర్నాడు ఓడ వెళ్ళిపోతుందట, మళ్ళీ ఈ దేశం వస్తాడో రాడో. నేను దర్జాగా తీసుకెళ్ళి ఆ సీట్లో కూర్చోబెట్టాను. మామ పద్ధతి ఎంత బాగా పాటించానో అని మురిసిపోయాను కూడా, నా మొహం!

అత్త వచ్చింది. పట్టుచీర కట్టుకుంది, తలలో పూలు పెట్టుకుంది. బుట్ట లోపలికి అందించి, కొంగు సర్దుకుని అడిగింది. "నా సీటేదే?"

ఆ ఒక్కసారి మామ ఆ ఖాళీ ఆమె కోసం ఉంచారు. ఇంటి మనిషి కదా, పేరు రాయలేదు. నాకు చెప్పాలని కూడా ఆయనకు తోచలేదు.

మామ వచ్చారు, చూశారు. ఓడ మనిషి ఏమీ తెలియక అందరికీ కెమెరా చూపిస్తూ నవ్వుతున్నాడు. "ఎక్కిన మనిషిని దింపకూడదు," అన్నారు మామ మెల్లగా. అత్త వైపు తిరిగి, "నువ్వు నా సీట్లో కూర్చో. నేనుండిపోతాను."

"అయో! మీరు లేకుండా ఆ సముద్రం నాకెందుకు? మీ పక్కన కూర్చుందామనే కదా వచ్చాను," అంది అత్త.

నా సీటు ఉంది. నేను లేస్తే ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. అంత చిన్న సంగతి. నోరు పెగల్లేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను, అబద్ధం. అది ఆఖరి రైలు, నాకు వెళ్ళాలనుంది. మామ నా వైపు ఒక్కసారి చూశారు. అడగలేదు. జాబితా, పచ్చజెండా నా చేతిలో పెట్టారు.

"నువ్వు తీసుకెళ్ళు. సూర్యుడెటున్నాడో చూసుకో."

బండి కదిలింది. ఆయన సీటు మాయెబూర్ దాకా ఖాళీగా వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది.

సాయంత్రం దిగేసరికి ఇద్దరూ ప్లాట్‌ఫాం బల్ల మీదే కూర్చుని ఉన్నారు. ఇంటికి వెళ్ళనే లేదట. అత్త పూలు వాడిపోయాయి గాని మొహం వాడలేదు. "పెళ్ళయ్యాక మీ మామ ఆదివారం పూట ఇంతసేపు నా పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి," అని నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు. తప్పు నాది. ముందు ఆమె పేరు రాసి, తర్వాత మిగతావాళ్ళవి రాయాల్సింది," అన్నారు మామ. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎలా కూసింది, చెప్పు."

చెప్పాను, స్టేషన్ స్టేషన్ వరసగా. చైనా దుకాణదారులాగే కళ్ళు మూసుకుని విన్నారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి పట్టాలున్న చోట గడ్డి మొలిచింది. మామ పోయారు, అత్తా పోయింది. ఆమె ఒక్కసారైనా రైలెక్కలేదు.

ఇప్పుడు రోజ్ హిల్‌లో కరెంటు రైలు తిరుగుతోంది. పొగా లేదు, ఆవిరీ లేదు. మనవరాలు నన్ను కిటికీ పక్కన కూర్చోబెడుతుంది. తలుపులు మూసుకునే వేళ ప్లాట్‌ఫాం మీద ఎవరైనా పరుగెత్తుతూ కనిపిస్తే చాలు, నేను లేచి నిలబడతాను. "అవ్వా, సీట్లు బోలెడున్నాయి, కూర్చో!" అని అది నా కొంగు పట్టుకుని లాగుతుంది. తర్వాతి స్టేషన్ వచ్చేదాకా నేను కూర్చోను.