ఆగి ఉన్న ఇంజన్ పీల్చిన పొగ

దయ్యాల కథలు చెప్పి చిక్కడపల్లిలో మా వీధి పిల్లల్ని సగం మందిని జడిపించినవాణ్ణి నేను. చెప్పడమే తప్ప ఒక్కదాన్నీ నమ్మలేదు. అందుకే ఈ సంగతి చెబితే మా చుట్టాలే నవ్వుతారు. అయినా రాస్తున్నాను. ఇందులో నా కల్పన ఏమీ లేదు.

2012 వేసవి. నా భార్య సరళకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటో కుదుపులు తట్టుకోలేదు, మా పాత కారే దిక్కు. అదేమో నారాయణగూడ చౌరస్తాలో ఆపినప్పుడల్లా ఇంజన్ వణికి వణికి ఆగిపోయేది. వెనక హారన్ల మోత. వెనక సీట్లో పళ్లు బిగబట్టుకుని సరళ.

అశోక్‌నగర్‌లో మా మెకానిక్ సలీం భాయ్, ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోందన్నాడు. ఏదో గొట్టం పగిలి ఉంటుందని, ఇంజన్ నడుస్తుండగా అగరొత్తి పట్టుకుని చూస్తే పొగ ఆ పగులులోకి లాక్కుపోతుందని చెప్పాడు.

శుక్రవారం పొద్దున ఇంటి ముందు బానెట్ ఎత్తి ఆ పనిలో పడ్డాను. ఫ్యాను గాలికి పొగంతా నా ముఖానికే కొట్టింది. విసిగి ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, చాయ్ తాగి, పేపరంతా చదివి వచ్చాను. ఇంజన్ చల్లబడింది.

మా ఇంట్లో శుక్రవారం పూజయ్యాక బండికీ అగరొత్తులు చూపించడం అలవాటు. సరళ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది.

"మీ ఇంజనీరింగ్ అయిందా? ఇగ జర పక్కకు జరుగుండ్రి, దండం పెట్టుకుంట."

ఆకు కదలని ఉక్కపోత. ఆమె చేతిలోని అగరొత్తుల పొగ నిటారుగా లేచి, ఆగి, కిందికి వంగింది. దారంలా సాగి ఒక లావుపాటి గొట్టం వెనక్కి దూరింది.

"ఏందిది, లోపలికి పోతున్నది?" అంది సరళ.

చెయ్యి పెట్టి తడిమితే గొట్టం అడుగున పగులు వేలికి తగిలింది.

సలీం భాయ్ కొత్త గొట్టం వేసి, పాతదాన్ని వంచి చూపించాడు. బ్రేకుకు బలం అందించే గొట్టమట. పూర్తిగా తెగి ఉంటే పెడల్ రాయిలా బిగుసుకుపోయి, బండి ఆపడమే కష్టమయ్యేదట. జరిగింది చెబితే నవ్వాడు.

"బందున్న ఇంజన్ పొగ ఎట్ల గుంజుతది అన్నా? గీ కథలు నా దగ్గర నడవయ్."

సరళ కూడా చూసిందన్నాక నవ్వు ఆపాడు. తర్వాత నేనే ఎన్నోసార్లు ఇంజన్ ఆపి అగరొత్తి పెట్టి చూశాను. పొగ పైకే పోతుంది.

గొట్టం మార్చిన మర్నాడు ఆసుపత్రికి వెళ్తుంటే చౌరస్తాలో ఎర్రలైటు పడింది. ఇంజన్ ఆగలేదు. అద్దంలో చూస్తే సరళ నిద్రపోతోంది. ఆ పొగను పీల్చిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైతేనేం, పచ్చలైటు పడేదాకా స్టీరింగ్ మీదే చేతులు జోడించి కూర్చున్నాను.