మంచం మీద సోలార్ ప్లేటు

దామరచర్ల దగ్గర మా చెలకలో ఇల్లు కట్టుకున్నాం కానీ కరెంటు రాలేదు. స్తంభాలు పక్కవాళ్ల పొలంలోంచి రావాలి, వాళ్లు ఒప్పుకోలేదు. పవర్ ప్లాంటు పొగగొట్టాలు మాత్రం మా డాబా మీద నుంచి బాగా కనిపిస్తాయి.

మా ఆయన సూర్యాపేట నుంచి సోలార్ ప్లేట్లు, బ్యాటరీలు, ఏసీ తెచ్చాడు. బిగించడానికి కోదాడ నుంచి ఫిట్టర్ వచ్చాడు. "ఎండ ఉన్నంతసేపూ ఏసీ నడుస్తుందండీ. పొద్దు గూకాక ఫ్యాన్లూ లైట్లే వేసుకోండి" అని చెప్పి వెళ్లాడు.

మా మామకు ఏసీ గిట్టేది కాదు. "పెట్టెల పెట్టి మూత ఏసినట్టుంటది బిడ్డా" అనేవాడు. భోజనం కాగానే ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం వాల్చుకుని కునుకు తీసేవాడు.

మే నెలలో ఒకరోజు నీడలో కూడా నిలవలేకపోయాం. మంచినీళ్లిద్దామని వెళితే మామ ఒళ్లు కాలిపోతోంది.

"జరసేపు లోపలికి రా మామా. మంచిగ లేకుంటే మళ్ల పోదువు" అని చెయ్యి పట్టి లేపాను. విసుక్కుంటూనే వచ్చి, ఏసీ గదిలో చాప మీద ఒరిగి వెంటనే నిద్రపోయాడు.

కాసేపటికి గాలి దుమారం లేచింది. తలుపులు కొట్టుకున్నాయి. డాబా మీద ఇనుము విరిగిన చప్పుడు. ఆ వెంటే బయట ఏదో దభీమని పడింది. ఏసీ ఆగిపోయింది.

గాలి తగ్గాక మా ఆయన డాబా ఎక్కాడు. నేను తలుపు తీసి గడపలోనే నిలబడిపోయాను. ఒక ప్లేటు ఊడొచ్చి మామ మంచం మీద పడి ఉంది. మంచం పట్టె విరిగిపోయింది. తలగడ నిండా గాజు పెంకులు.

మామ నా వెనకే వచ్చాడు. వంగి ప్లేటు ఎత్తబోయాడు.

"ముట్టకు నాయినా!" మా ఆయన పైనుంచి అరిచాడు. "ఎండొచ్చింది, అండ్ల కరెంటుంటది!"

"వైరే తెగిపాయె, ఇగ కరెంటేంది?"

ఆ మాట పూర్తి కాకముందే, డాబా మీది నుంచి వేలాడుతున్న వైరు గాలికి ఊగి వచ్చి ఈ ప్లేటు వైరుకు తగిలింది. నీలం మంట చిటపటమంది. నేను మామ భుజం పట్టి లాగాను. ఇద్దరం కింద పడ్డాం.

మా ఆయన వడ్లు ఆరబోసే పట్టాలు తెచ్చి, ఎండ తగలకుండా ప్లేట్లన్నీ కప్పేశాడు.

ఆ రోజు నేను స్టవ్ వెలిగించలేకపోయాను. మామ గోడకు ఆనుకుని ఒకే మాట అన్నాడు.

"రోజూ గాడనే కదా బిడ్డా నేను పండేది."

మళ్లీ వచ్చిన ఫిట్టర్ ముఖం పాలిపోయింది. ఫ్రేమును స్లాబుకు కాకుండా పిట్టగోడకు బిగించి వెళ్లాడట. ఇప్పుడు ప్లేట్లు నేల మీదే, కాంక్రీటు దిమ్మెల మీద ఉన్నాయి.

మామ మధ్యాహ్నం లోపలే పడుకుంటున్నాడు. గాలి కాస్త గట్టిగా వీచిందంటే చేతిలో పని వదిలేసి, మామ గదిలోనే ఉన్నాడా అని వెళ్లి చూసొస్తాను.