అక్క చైనా చదువు, నా కడుపుమంట

నా చిన్నప్పుడు జలుబు కంటే ఎక్కువసార్లు నన్ను పట్టుకున్నది కుళ్లు. అదీ ఊళ్లోవాళ్ల మీద కాదు, మా పెదనాన్న కూతురి మీద. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటల పక్కన ఒకే వాకిట్లో రెండిళ్లు మావి. అక్క డిగ్రీ చదువుతూనే ఫోనులో పాఠాలు విని చైనీసు నేర్చుకుంది. పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. మెచ్చుకోళ్లు మాత్రం ఆమెకే వచ్చేవి.

ఒకరోజు అక్కకు చైనాలో ఏడాది పాటు ఆ భాష చదువుకునేందుకు స్కాలర్‌షిప్పు వచ్చిందన్నారు. ఇంటింటికీ లడ్లు పంచారు. నా లడ్డు నేను కోళ్లకు వేశాను.

రెండు ఊళ్లలో సీటుంది, మర్నాటికల్లా ఏదో ఒకటి చెప్పాలి. దక్షిణాన గ్వాంగ్‌జౌ, ఉత్తరాన మంచు గడ్డకట్టే హార్బిన్. సాయంత్రం అందరూ అరుగు మీద చేరి గ్వాంగ్‌జౌ ఖాయం చేసేశారు. అక్కడ డాక్టరీ చదివే మనవాళ్లు చాలామంది ఉన్నారట, తెలుగు మెస్సు ఉందట, గదిలో తోడుకు నెల్లూరు పిల్లలే దొరుకుతారట. చలికి భయపడే అక్క కూడా సరేనంది. పెద్దమ్మ అప్పుడే వెంట పంపాల్సిన పచ్చళ్ల సంగతి ఎత్తింది.

నేను గోడకు ఆనుకుని నోరు మూసుకు కూర్చున్నాను. ఆ రెండు ఊళ్ల గురించి వాళ్లందరికంటే నాకే ఎక్కువ తెలుసు. అక్క మీద కళ్లల్లో నిప్పులు పోసుకుంటూ, వెళ్లేది నేనే అన్నట్టు ఊహించుకుని, అక్కడ చదివినవాళ్లు పెట్టిన వీడియోలన్నీ చూసేశాను. గ్వాంగ్‌జౌ వీధుల్లో వాళ్ల సొంత భాష ఇంకొకటి వినిపిస్తుంది. గదిలో తెలుగు, మెస్సులో తెలుగు. క్లాసు దాటితే అక్కకు చైనీసుతో పనే పడదు. హార్బిన్‌లో అయితే పుస్తకంలో నేర్చుకున్న మాటే కూరగాయల అంగట్లోనూ పలుకుతుంది. ఇదంతా తెలిసీ చెప్పబుద్ధి కాలేదు. వెళ్లినట్టే వెళ్లి వట్టి నోటితో తిరిగి రానీ అనుకున్నాను. ఇంకోసారి అలాంటి అవకాశం ఆమెకు రాదని కూడా నాకు తెలుసు.

మా అవ్వ అంతసేపూ వక్క నములుతూ వింటోంది. ఉన్నట్టుండి నన్ను పిలిచి, అందరి మధ్యలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వే పొయ్యేటట్టయితే యా ఊరికి పోతావు మే?"

చిన్నపిల్లకేం తెలుసని పెదనాన్న నవ్వాడు. అవ్వ ఆయన వైపు తిరిగింది.

"మీరంతా దాని మింద పేణం పెట్టుకోనుండారు, సుకంగా ఉండే చోటే జూస్తారు. ఇది కుళ్లుకుంటా ఉండాది. నా ఫోన్లో నెట్టంతా దీనికే సరిపోతా ఉండాది. కుళ్లుకునేదానికే తెలుసు, దాంట్లో ఏది గొప్పో."

నా ముఖం మాడిపోయింది. గ్వాంగ్‌జౌ అనేస్తే సరిపోయేది, నోటిదాకా వచ్చింది కూడా. అయితే అవ్వ అడిగింది నేనెక్కడికి పోతానని. నాకై నేను కన్న కలను నేనే తక్కువ చేసి చెప్పలేకపోయాను. హార్బిన్ అన్నాను. ఎందుకని అడిగితే ఏడుస్తూనే అంతా చెప్పాను. మర్నాడు అక్క హార్బిన్ పేరే రాసి పంపింది.

అక్కడికే వెళ్లింది. మొదట్లో తెలుగు మాట్లాడే తోడు లేక ఫోనులో ఏడ్చేది, తర్వాత ఫోను చేయడమే తగ్గించింది. తిరిగొచ్చాక, మా రొయ్యలు చూడటానికి వచ్చిన చైనా వ్యాపారితో ఆమె గుంట గట్టు మీద నిలబడి గలగలా మాట్లాడుతుంటే పెదనాన్న కళ్లు తుడుచుకున్నాడు. నాకు మళ్లీ కడుపు మండింది. ఇప్పుడు తలుచుకున్నా కొంచెం మండుతుంది, దాచడమెందుకు.

ఇప్పటికీ పెద్ద నిర్ణయం ఏదైనా ఎదురైతే, నా మేలు కోరేవాళ్లను అడిగాక, నన్ను చూసి ఓర్వలేని మనిషిని ఒకరిని వెతుక్కుంటూ వెళ్తాను. నువ్వైతే ఏం చేస్తావని అడుగుతాను. వాళ్లు కాసేపు ముఖం తిప్పుకుంటారు, నసుగుతారు, ఆఖరికి నిజమే చెప్తారు. అలా చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక, లేచి వచ్చేముందు వాళ్ల చేయి గట్టిగా పట్టుకుంటాను.