మల్లేశం మంచం మీద నుంచి మార్చిన ఫైలు

ఈ రోజు కోరుట్లలో మా ఉద్యోగుల సమ్మె శిబిరంలో తెలంగాణ నినాదాలు కాసేపు ఆపి, మైకులో రక్తం అడిగాం. మా తహసీల్ ఆఫీసు క్లర్కు మల్లేశానికి రేపు జగిత్యాలలో ఆపరేషన్. ఓ నెగటివ్ కావాలి. ఒకే ఒక్క చెయ్యి లేచింది. అది మాకు మద్దతుగా వచ్చి కూర్చున్న రైతు గంగారాంది. ఆయన పట్టా ఫైలు ఆరు నెలలుగా మల్లేశం టేబుల్ మీదే ఉంది.

ఆయన్ని నా బండి మీద జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆయన్ని చూడగానే మల్లేశం మంచం మీద నుంచే వద్దని చెయ్యి ఊపాడు.

"వద్దు గంగారామన్నా. నీ ఫైలు నా దగ్గరున్నది. ఇన్నొద్దులు నీ చాయ్ గూడ తాగలే, నెత్తురెట్ల తీసుకుంట?"

"ఆఫీసుకు తాళమేసి నెలాయె సారూ. గిప్పుడు ఫైలెక్కడిది, సారెక్కడిది? సప్పుడు జెయ్యక పండుండ్రి."

మల్లేశం వినలేదు. పని పడ్డవాళ్ల దగ్గర ఏదీ తీసుకోకూడదని రూలు, రోగం వస్తే రూలు మారదట. చివరికి, సమ్మె అయ్యాక ఆ ఫైలు నాకు అప్పగించాలని తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టాకే ఒప్పుకున్నాడు. సమ్మె మొదలయ్యాక మా ఆఫీసులో జరిగిన మొదటి పని అదే.

రక్తమిచ్చి, కాసేపు కూర్చున్నాక గంగారాం మళ్లీ నా బండెక్కాడు. కొంత దూరం వచ్చాక నా భుజం తట్టాడు.

"సారూ, మీది ఏం గ్రూపు?"

ఆయన ఫైలు ఇక నా టేబుల్ మీదికే రాబోతోంది, అందుకే నేను చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?