రెండు రీళ్ళు తగ్గించి తెచ్చిన ముసుగువీరుడు

పదహారు రీళ్ళ సినిమాను పధ్నాలుగు రీళ్ళకు బేరమాడి తెచ్చిన మొనగాడు సోంపేట నుంచి కొత్తవలస దాకా నేనొక్కణ్ణే. నాకు ముందు ఎవరూ చెయ్యలేదు. నా తరవాత ఎవరూ సాహసించలేదు. పప్పులో కాలెయ్యడం అంటారు చూడండి, పప్పుల కొట్లోనే పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి నేను మొహమాటం లేకుండా రెండు కాళ్ళూ వేశాను. ఆ వైభవం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా కోటబొమ్మాళిలో ఒక డేరా నిండా జనం ఏనాడో నవ్వేశారు. కొత్తగా మీ నవ్వు నన్ను చేసేదేమీ లేదు.

అరవైల చివరి రోజులు. నాకు పంతొమ్మిదేళ్ళు. కత్తియుద్ధాల సినిమాలంటే ప్రాణం. అందులోనూ ముసుగువీరుడంటే ఇక చెప్పక్కర్లేదు. కళ్ళ చుట్టూ బెత్తెడు నల్లగుడ్డ కట్టుకుంటే చాలు, కూడా తిరిగిన స్నేహితుడు, ప్రేమించిన రాకుమారి, పగబట్టిన సేనాపతి, ఒక్కరంటే ఒక్కరు వాణ్ణి పోల్చుకోలేరు. ఇది ఆ సినిమాల ధర్మం. నేను ఒకసారి మొహానికి తువ్వాలు చుట్టుకుని కొట్టు ముందు నుంచి పోతే, అటుకులు కొనుక్కుంటున్న ముసలమ్మ తలెత్తకుండానే "బాబూ, పంటి నొప్పా?" అని అడిగింది. అయినా నా నమ్మకం సడల్లేదు.

మా అమ్మ తమ్ముడు సింహాచలం మావయ్యకు డేరా టాకీసు ఉండేది. సంత మైదానం పక్కన గుడారం, ఒకే ఒక్క ప్రొజెక్టరు. రీలు అయిపోయినప్పుడల్లా లైటు వేసి కొత్త రీలు ఎక్కించేవాళ్ళు. ఆ సందులో సోడాలు, జంతికలు అమ్ముడుపోయేవి. నా జీవితాశయం ఆ డేరాకు మేనేజరు కావడం. కావడమా, కందిపప్పులో రాళ్ళు ఏరుకుంటూ ముసలివాణ్ణయిపోవడమా, ఈ రెండే నా ముందున్న దారులు.

రెండేళ్ళు వెంటపడితే మావయ్య ఒకనాడు విసిగిపోయాడు.

"ఒరే, ఓ పని సెయ్యి. ఈపాలి సినిమా నువ్వే తే. నీకు నచ్చిందే తే. బేరం నువ్వే సూసుకో. మూడ్రోజులు ఆడిందా, డేరా నీ సేతికిచ్చీసి నాను ఇంటికాడ పడుకుంటాను. ఆడనేదా, మళ్ళీ సినిమా ఊసెత్తకూడదు. కొట్లో కూకోవాల."

"రాసిస్తావా మావా?"

"రాయడవెందుకు, మీ అమ్మున్నాది గదా సాక్ష్యం."

అమ్మ అక్కడే మినుములు చెరుగుతోంది. తలెత్తలేదు. సినిమా మాట వచ్చినప్పుడల్లా ఆమె చేటలోకి మరింత వంగిపోయేది. సినిమాలంటే ఆమెకు గిట్టదని ఇంటిల్లిపాదికీ తెలుసు.

మర్నాడే విజయనగరం రైలెక్కాను. కావలసిన సినిమా ఏదో నాకు తెలుసు. పేరు చెప్పను, తీసినవాళ్ళ పరువు తియ్యడం నాకిష్టం లేదు. కొట్టుకు సరుకు తెచ్చే వంకతో విజయనగరం వెళ్ళి దాన్ని పదకొండుసార్లు చూశాను. అందులో ఏ రీల్లో ఏముందో, మా గోదాములో ఏ బస్తాలో ఏముందో తెలిసినంత బాగా తెలుసు. కత్తియుద్ధాలు తొమ్మిది, గుర్రాల పరుగులు ఆరు, కోటగోడ మీంచి దూకడాలు నాలుగు. ఏడుపు ఒకటే, కానీ రెండు రీళ్ళ పొడుగు.

అద్దెకిచ్చే ఏజెంటు ఒక చిన్న గదిలో రేకుడబ్బాల మధ్య కూర్చుని ఉన్నాడు. మూడు రోజులకు రెండువందల నలభై అన్నాడు. నేను దిగులుగా నిట్టూర్చాను. బేరంలో మొదటి మెట్టు అది.

"రెండొందల నలభై, పదహారు రీళ్ళు. అంటే రీలు పదిహేను పడతంది గదండి."

"సినిమాని అలగ లెక్కకట్టరు బాబూ."

"మేం అన్నిటినీ అలగే కడతాం. సరుకులో తాలుంటే తూకంలో తగ్గిస్తాం. ఇందులో పదకొండో రీలు, పన్నెండో రీలు తాలు. ముసుగువీరుడు దెబ్బతిని వాళ్ళమ్మ గుడిసెకి ఎల్తాడు. ఆవిడ ఏడుస్తాది. ఇంకేటీ నేదు. ఒక్క కత్తి కూడా నేదు. ఆ రెండూ మీరే ఉంచుకుని ముప్ఫయ్ రూపాయలు తగ్గించండి."

ఏజెంటు కిటికీ వైపు తిరిగి దగ్గాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం గంభీరంగా ఉంది.

"సినిమా తెలిసినోళ్ళతో బేరం సాలా కష్టం. తీసుకెళ్ళండి" అన్నాడు.

అడగ్గానే ఒప్పుకున్నవాడి దగ్గర అగ్గిపెట్టె కూడా కొనకూడదని మా నాన్న నాకు అక్షరాలకంటే ముందు నేర్పిన పాఠం. గెలిచినవాడికి పాఠాలు గుర్తుండవు. డబ్బాలు ఎత్తుకుని పరుగున స్టేషనుకు వచ్చాను. రైల్లో ఎదురుగా కూర్చున్న పొగాకు వ్యాపారికి నా బేరం గురించి చెప్పుకున్నాను కూడా. ఆయన మెచ్చుకున్నాడు. ఆయనా వ్యాపారే కదా.

సంతరోజున మొదలుపెట్టాం. పొద్దు వాలకముందే జనం. నాకు మొదటి ఆశ్చర్యం అక్కడే తగిలింది. ఆడవాళ్ళు. ఎడ్లబళ్ళ మీద, కాలినడకన, గుంపులు గుంపులు. ఆడవాళ్ళ వైపు చాపలు చాలక గోనెపట్టాలు పరిచాం. వాళ్ళకు నాయకురాలు వంకాయలమ్మే పైడమ్మ. పొలాల గట్లమ్మట పదిహేనుమందిని వెంటేసుకొచ్చింది.

"ఏటి పైడమ్మా, నీకూ కత్తియుద్ధాలంటే ఇష్టమేనా?" అన్నాను టిక్కెట్లు చింపుతూ, మేనేజరు హోదాలో.

"కత్తులేటి బాబూ, మా ఇంటికాడ కత్తిపీట నేదా? తల్లీకొడుకుల రీలు కోసం వొచ్చినాం. మా వొదిన పార్వతీపురంలో సూసినాదట. ఏడిసి ఏడిసి మూడ్రోజులు కళ్ళు వాసిపోనాయంట. అలగుంటాదంట."

నా చేతిలో టిక్కెట్టు సగం చిరిగి ఆగిపోయింది. వెనక ఉన్నామెను అడిగాను. ఆ రీలు కోసమే. ఆ వెనకామె కూడా. ఒకావిడ కళ్ళు తుడుచుకోడానికని పాత చీరముక్క తెచ్చుకుంది. తాలు అని నేను తీసేసిన సరుకు కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చాయి.

ఇది మావయ్యతో చెబుదామా అనుకున్నాను. ఆయన గల్లాపెట్టె దగ్గర నవ్వుతూ కూర్చున్నాడు. నవ్వుతున్న మనిషిని చెడగొట్టడం పాపమని ఊరుకున్నాను. ధైర్యం చాలలేదనే మాటకు అది మర్యాదైన పేరు.

పది రీళ్ళ దాకా స్వర్గం. మగవాళ్ళు ఈలలు వేశారు, ఒకడు ఉత్సాహంతో బెంచీ విరగ్గొట్టాడు. పదో రీలు చివర ముసుగువీరుడు భుజానికి బాణం గుచ్చుకుని, తూలుతూ వచ్చి ఒక గుడిసె తలుపు తట్టాడు. తలుపు తెరుచుకుంది. దీపం పట్టుకున్న ఒక ముసలిచెయ్యి కనబడింది. రీలు అయిపోయింది. లైటు వెలిగింది.

ఆడవాళ్ళలో ఒక్కరూ సోడా కొనలేదు. జంతికలు పక్కన పెట్టారు. పమిటచెంగులు చేతిలోకి తీసుకుని, ఏడవడానికి వీలుగా సర్దుకు కూర్చున్నారు.

లైటు ఆరింది. బాణం లేదు, గుడిసె లేదు, ముసలమ్మ లేదు. ముసుగువీరుడు నిక్షేపంలాంటి భుజంతో, గుర్రంతో సహా కోటగోడ మీంచి దూకాడు.

మగవాళ్ళ వైపు రెండు చప్పట్లు మోగి, తోడు దొరక్క ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి పైడమ్మ గొంతు వినబడింది.

"ఒలే, తలుపు తీసినాది ఎవులే?"

"అమ్మేనేమో."

"అమ్మయితే ఏదీ? బాణం ఎవులు పీకినారు? ఆపండ్రా, బొమ్మాపండి."

డేరా అంతా లేచింది. సంతలో ఎడ్లు బెదిరినప్పుడు అలాంటి చప్పుడు వస్తుంది. ఆపరేటరు బెదిరిపోయి లైటు వేశాడు. మావయ్య నా చెవి పట్టుకున్నాడు. మేనేజరు చెవి కదా, నలుగురికీ కనబడేలా పట్టుకున్నాడు.

"రీలేదిరా?"

"విజయనగరంలో ఉన్నాది మావా."

"మరిసిపోనావా?"

"నేదు. తగ్గించేను. ముప్ఫయ్ రూపాయలు కలిసొచ్చింది."

మావయ్య చెవి వదిలేశాడు. పట్టుకోవలసినంత మనిషిని కాదనిపించింది కాబోలు. "ఎల్లు. ఆళ్ళకి నువ్వే సెప్పు" అని నన్ను తెర ముందున్న బల్ల మీదికి తోశాడు.

నాకు అప్పుడు కూడా పెద్దగా భయం లేదు, చూడండి నా పొగరు. పదకొండుసార్లు చూసినవాణ్ణి, కథ నోటితో చెప్పలేనా? గొంతు సవరించుకున్నాను.

"అమ్మలారా, ఆ రెండు రీళ్ళ కథ నేను చెబుతాను. ముసుగువీరుడు లోపలికి వెళ్తాడు. అప్పుడు తల్లి..."

అక్కడ ఆగిపోయాను. అప్పుడు తల్లి ఏం చేసింది? తలుపు తెరుచుకోగానే ఏడుపు మొదలవుతుందని, పదకొండుసార్లూ నేను లేచి బయటికి పోయి సోడా తాగాను. ఆ గుడిసెలోకి నేను ఒక్కసారీ వెళ్ళలేదు. సరుకు చూడకుండా తాలని తేల్చిన వ్యాపారిని నేను.

"అప్పుడు తల్లి ఏడిచింది" అన్నాను.

"ఎందుకేడిసినాది?" అంది పైడమ్మ.

"కొడుకు కదా."

"కొడుకని ఎలగ తెలిసినాది? ముసుగున్నాది గదా."

"గొంతును బట్టి."

"పది రీళ్ళు సేనాపతి గొంతు విన్నాడు, పోల్సనేదు. రాకుమారి విన్నాది, పోల్సనేదు. ఈవిడికొక్కద్దానికీ గొంతు తెలిసిపోనాదా? బాబూ, నువ్వు ఆ రీలు సూసినావా, నేదా?"

డేరా నవ్విన నవ్వుకు గుడ్డ ఎగిరిపోలేదంటే గుంజలు పాతినవాడి గొప్పతనమే. డబ్బులు తిరిగిచ్చెయ్యమని కేకలు మొదలయ్యాయి. మావయ్య రెండు చేతులతో గల్లాపెట్టెను పొదువుకున్నాడు.

అప్పుడు గోనెపట్టాల మీంచి ఒకావిడ లేచింది. మా అమ్మ. ఆమె డేరాకు వచ్చిందనే నాకు తెలియదు.

"కూకోండర్రా. నాను సెప్తాను" అంది. బల్ల ఎక్కలేదు. ఉన్నచోటే నిలబడి మొదలుపెట్టింది.

"ఆవిడ ఆడ్ని పోల్సలేదు. ఎవుడో దెబ్బలు తిన్న బిడ్డడనుకుని, బాణం పీకి పసుపెట్టింది. ఆకలేస్తందా బాబూ అన్నాది. చద్దన్నం ఎట్టింది. ఆడు మొదటి ముద్ద కలిపి తినకుండా ఆకుకి పక్కనెట్టేడు. సిన్నప్పుడు ఆళ్ళింట్లో కుక్కపిల్లుండేది. దానికి ఎట్టకుండా ఆడు తినీవోడు కాదు. కుక్క సచ్చిపోయి ఇరవయ్యేళ్ళయినాది. సెయ్యి మరిసిపోలేదు. ఆవిడ సూసింది."

పైడమ్మ కూలబడింది.

"ఆడు ముసుగు ముడి మీద సెయ్యేసినాడు. ఆవిడ ఆ సెయ్యి పట్టీసుకున్నాది. ఒద్దు బాబూ, తియ్యకు, అన్నాది. తీసేవంటే నాను పేరెట్టి పిలుస్తాను. పిలిస్తే బయట భటులింటారు. అలాగే తినీసి ఎల్లిపో, అన్నాది. ఆడు తిన్నాడు. ఎల్లిపోనాడు. ఆవిడ ఆ పక్కనెట్టిన ముద్ద కొంగున కట్టుకున్నాది."

గుడారంలో చీమిడి చీదిన చప్పుడు తప్ప మరేమీ లేదు. ఈలలు వేసిన మగవాళ్ళు కూడా తువ్వాళ్ళు వెతుక్కుంటున్నారు. నేనెందుకు దాయాలి, నేనూ ఏడ్చాను.

"ఇంక ఆడించండి" అని అమ్మ కూర్చుంది. మిగతా సినిమా ఎవరూ సరిగ్గా చూసినట్టు లేదు. డబ్బులు మాత్రం ఎవరూ అడగలేదు.

ఆట అయ్యాక మావయ్య అమ్మ దగ్గరికి వచ్చాడు.

"అప్పా, రేపూ ఎల్లుండీ కూడా వొచ్చి సెప్పవే. పైడమ్మ రేపు మూడూళ్ళని తెస్తానంటంది."

"వొస్తాను. అయితే ఒక బేరం. ఇకమీద డేరాకి ఏ సినిమా తేవాలో నాను సెప్తాను. ఈడు కొట్లో కూకుంటాడు."

"సరే" అన్నాడు మావయ్య. అడగ్గానే ఒప్పుకున్నాడు.

"నీకు సినిమాలేం తెలుసే అమ్మా?" అన్నాను ఏడుపు గొంతుతో.

"నెలనెలా విజయనగరం అమ్మవారి దర్శనానికని ఎల్తాను గదా. మేటనీ వొదిలీదాకా రైలు నేదు. ఆ ఎండలో ఎక్కడ కూకోమన్నావు?"

మూడు రోజులూ డేరా నిండింది. ఆడితే డేరా నాదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఆడించింది అమ్మ కదా. అటుపైన అమ్మ ఎంచిన సినిమాల్లో కత్తియుద్ధాలు నేను ఎంచేవాటికంటే ఎక్కువ. గుర్రాలు మరీ ఎక్కువ.

చాలా ఏళ్ళ తరవాత కొత్తవలసలో అదే సినిమా మళ్ళీ పడితే, సోడా జోలికి పోకుండా ఆ రెండు రీళ్ళూ కూర్చుని చూశాను. గుడిసె ఉంది, ముసలమ్మ ఉంది, దీపం ఉంది. కుక్క లేదు. ముద్ద లేదు. భుజం మీద పుట్టుమచ్చ చూసి ఆవిడ మూర్ఛపోతుంది, లేచి ఒక పాట పాడుతుంది, అంతే. ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను.

"అవన్నీ సినిమాలో లేవే."

"నేకపోతే ఏటి? రాసినోడెవుడో నీలాగే బేరమాడి తగ్గించీసినాడు. నాను తూకం సరిపెట్టేను" అంది, మినుములు చెరుగుతూ.

కాబట్టి పాఠకులారా, మా కొట్టు తక్కెడ మీద చెయ్యి వేసి, ఇద్దరు ఖాతాదార్ల ఎదుట ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో కథను తూకానికి కొనను. కొన్నా, అందులో ఏడుపును తాలుగా కట్టను. ఎంత దాహం వేసినా ఆట మధ్యలో సోడా తాగను.

ఇక బిల్లు. అద్దెలో మిగిల్చింది ముప్ఫయ్ రూపాయలు. విరిగిన బెంచీకి వడ్రంగి పుచ్చుకున్నది ఆరు. ఆ రెండు రీళ్ళూ కాలిపోయి దిక్కుతోచక ఉన్న సాలూరు డేరా వాళ్ళకు, నేను వదిలేసినవి ఏజెంటు నలభైకి ఇచ్చాడని తరవాత తెలిసింది. అంటే నా తెలివికి ఆయనకు మిగిలింది పది. నాకు మిగిలింది ఇరవై నాలుగు. అది అమ్మ తీసుకుంది, రైలు ఖర్చులకని.